మొదటి సెమిస్టర్‌లో ‘కంప్యూటర్ ఫండమెంటల్స్’ పేపర్ ఉండాలా, నేరుగా ప్రోగ్రామింగ్ మొదలుపెట్టాలా?

సెమికోలన్:
కంప్యూటర్ తరాలు, ఇన్‌పుట్ పరికరాలు, మెమరీ రకాలు, ఎంఎస్ ఆఫీస్, కాస్త నెట్‌వర్కింగ్. మొదటి సెమిస్టరంతా ఇదే, ప్రోగ్రామింగ్ రెండో సెమిస్టర్‌కి గానీ రాదు. నన్నడిగితే ఈ పేపర్ ఎత్తేయాలి. తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటైన ఎనియాక్ 1946లో బయటికొచ్చింది, అందులో సుమారు 18 వేల వాక్యూమ్ ట్యూబులు, బరువు 30 టన్నులు అని బట్టీ పట్టినవాడికి లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) రాసేటప్పుడు అది ఏ మూలకొస్తుంది? 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో ప్రొఫెసర్లు కెమెనీ, కర్ట్జ్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసిందే సైన్స్ చదవనివాళ్లు కూడా ప్రోగ్రాములు రాయాలని. అప్పుడే అయిన పని ఇప్పుడెందుకు కాదు?

ల్యాబ్ మాస్టారు:
డార్ట్‌మత్ ఉదాహరణ ఇక్కడ అతకదండీ. అక్కడ విద్యార్థి టెర్మినల్ (పెద్ద కంప్యూటర్‌కి కలిపిన టైపు మెషీన్) ముందు కూర్చుని టైప్ చేస్తే చాలు, మెషీన్ బాగోగులు వేరేవాళ్లు చూసుకునేవారు. ఇప్పుడు ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ల్యాబ్‌లో ఏటా జరిగేది చెబుతాను. ఫైల్ చదివే ప్రోగ్రాం ఇస్తాం. కోడ్ సరిగ్గానే రాస్తారు, రన్ చేస్తే ‘ఫైల్ నాట్ ఫౌండ్’. ‘ఇదిగో సర్, కనిపిస్తూనే ఉంది కదా’ అంటారు. చూస్తే ఫైల్ డౌన్‌లోడ్స్‌లో, ప్రోగ్రాం ఇంకో ఫోల్డర్‌లో. రెండూ ఒకచోట పెట్టినా మళ్లీ అదే ఎర్రర్. రైట్ క్లిక్ చేసి కొత్త టెక్స్ట్ ఫైల్ సృష్టించి, దానికి ‘మార్క్స్ డాట్ టీఎక్స్‌టీ’ అని పేరు పెట్టి ఉంటారు. ఫైల్ పేరు చివరుండే ఎక్స్‌టెన్షన్‌ను విండోస్ దాచేస్తుంది కాబట్టి చివర ఇంకో ‘డాట్ టీఎక్స్‌టీ’ ఉన్న సంగతి కంటికి కనబడదు. ఫోన్‌తో పెరిగిన పిల్లలకి ఫోల్డర్‌తో పనే పడలేదు, వాళ్ల తప్పేం లేదు. ముందు ఇవి నేర్పకుండా ప్రోగ్రామింగ్ అంటే ఎలా?

బ్యాక్‌బెంచ్:
సర్, నేను ఆ పేపర్ పాసయ్యాను. మీరు చెప్పిన ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో తెలిపే చిరునామా, అదే పాత్, అంటే ఏంటో అందులో ఎక్కడా లేదు. ప్రింటర్ రకాలు మాత్రం ఐదు మార్కులకి వచ్చాయి 😀

సెమికోలన్:
చూశారా మాస్టారూ! మీరు చెప్పినవి ముఖ్యమే, కాదనను. కానీ అవి ఆ పేపర్లో లేవు కదా.

బైనరీ మేడం:
పేపర్ ఉండాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోతున్నారు. అసలు చూడాల్సింది ఏది ఎప్పుడు చెబుతున్నామన్నది. సి భాషలో ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటినీ గుణించడం) రాయించండి. 12 వరకు జవాబు సరిగ్గా వస్తుంది. 13కి 622,70,20,800 రావాలి, చాలా కంప్యూటర్లలో 193,20,53,504 వస్తుంది. మైనస్ గుర్తు లేదు, ఎర్రర్ లేదు, చూడ్డానికి నిజమైన జవాబులాగే ఉంటుంది. క్లాసులో సగం మంది అదే రాసుకుని వెళ్లిపోతారు. 32 బిట్ల ఇంటిజర్‌లో, అంటే ఒక పూర్ణసంఖ్యకి ఇచ్చే 32 సున్నా-ఒకట్ల చోటులో, 214,74,83,647 దాటి పట్టదని అప్పుడు చెబితే బైనరీ (సంఖ్యల్ని 0, 1లతోనే రాసే పద్ధతి) ఎందుకో వాళ్లకే తెలుస్తుంది. అదే మొదటి వారంలో బోర్డు మీద డెసిమల్‌ను బైనరీలోకి మార్చమంటే అదొక లెక్క, అంతే. ఫైల్ పాత్ కూడా ఆ ఎర్రర్ వచ్చిన రోజే చెప్పాలి.

ల్యాబ్ మాస్టారు:
వినడానికి బాగుంది మేడం. ల్యాబ్‌లో అరవై మంది, నేనొక్కడిని. ఎర్రర్లు అందరికీ ఒకే రోజు రావు కదా! ఒకడికి పాత్ గొడవ, ఇంకొకరికి ఇన్‌స్టలేషన్ గొడవ, మూడోవాడు అసలు సేవ్ చేయలేదు. అందుకే కనీసం రెండు వారాలు ముందు ఇవే చేయించాలంటాను.

బైనరీ మేడం:
రెండు వారాలకి నాకు అభ్యంతరం లేదు. మొత్తం సెమిస్టర్ దానికే పోవడం మీదే నా గొడవ. ఎర్రర్ దానంతటది వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా, అందరికీ ఒకే రోజు వచ్చేలా మనమే పెట్టొచ్చు.

బ్యాక్‌బెంచ్:
మరి ఎగ్జామ్? పేపర్ మీద ప్రోగ్రాం రాయమంటే మేం మళ్లీ బట్టీకే పోతాం మేడం.

బైనరీ మేడం:
పేపర్ మీద వద్దు. పని చేయని ఫోల్డర్ ఒకటి ఇస్తా: ఫైల్ పేరు తప్పు, పాత్ తప్పు, కోడ్‌లో ఒక చోట == (రెండూ సమానమా అని పోల్చేది) బదులు = (విలువ పెట్టేది) ఉంటుంది. అరగంటలో రన్ చేసి చూపించాలి. పుస్తకం, నోట్సు ఏం తెచ్చుకున్నా సరే.

ల్యాబ్ మాస్టారు:
అలా అయితే ముప్పై మంది చొప్పున రెండు బ్యాచ్‌లు చేయాలి. రెండో బ్యాచ్‌కి తప్పులు మార్చి ఇవ్వండి, లేకపోతే బయటికొచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే చెప్పేస్తారు.