వెర్నియర్ ఎఫెక్ట్ వాడితే ఫైబర్ సెన్సర్ నిజంగా మెరుగవుతుందా?

కాంతిరేఖ:
ఎంటెక్ ప్రాజెక్టుకి ఫైబర్‌తో ఉష్ణోగ్రత సెన్సర్ చేస్తున్నాను. మామూలు బ్రాగ్ గ్రేటింగ్ (ఫైబర్ లోపల ఒక్క తరంగదైర్ఘ్యాన్నే వెనక్కి పంపే గీతల వరస) పీక్, అంటే ఆ తరంగదైర్ఘ్యం, 1550 నానోమీటర్ల దగ్గర డిగ్రీకి సుమారు 10 పికోమీటర్లే జరుగుతుంది. వెర్నియర్ ఎఫెక్ట్‌లో రెండు ఇంటర్‌ఫెరోమీటర్లు (కాంతిని చీల్చి మళ్లీ కలిపే అమరికలు), ఒకటి సెన్సర్‌గా ఒకటి రిఫరెన్స్‌గా కలిపి, వాటి ఫ్రింజ్‌ల (స్పెక్ట్రంలో వరసగా వచ్చే ఎత్తుపల్లాల) ఎడంలో పది శాతం తేడా ఉంచితే, సెన్సర్ ఇంటర్‌ఫెరోమీటర్ ఒక్కటే ఉన్నప్పటికంటే కదలిక దాదాపు పదింతలు కనిపిస్తుంది. అలాంటప్పుడు అందరూ ఈ దారికే రావాలని నా వాదన. కాదంటారా?

పీక్‌వేట:
కాదనే అంటానండి. కదలిక పదింతలైతే ఎన్వలప్ (ఫ్రింజ్‌లన్నిటి మీదుగా కనిపించే పెద్ద అల) కూడా ఆ మేరకు వెడల్పవుతుంది. అంత వెడల్పాటి గుట్టకు శిఖరం సరిగ్గా ఎక్కడుందో తేల్చడం కష్టం. కాస్త నాయిస్ వచ్చినా పీక్ అటూ ఇటూ ఊగుతుంది. డిగ్రీకి ఎన్ని పికోమీటర్లన్న అంకె (సెన్సిటివిటీ) ఒక్కటే చూపిస్తే నేను ఒప్పుకోను. ఉష్ణోగ్రత మార్చకుండా వరసగా రీడింగులు తీసి, వాటి ప్రామాణిక విచలనాన్ని సెన్సిటివిటీతో భాగించండి. ఎంత చిన్న మార్పును పట్టగలదో అప్పుడు తెలుస్తుంది.

కాంతిరేఖ:
మా ల్యాబ్‌లో ఉన్న స్పెక్ట్రోమీటర్ ఖరీదైనది కాదు, దాని రిజల్యూషన్ తక్కువ. పరికరమే చిన్న కదలికను చూడలేనప్పుడు కదలికను పెద్దది చేయడం తప్పెలా అవుతుంది?

పీక్‌వేట:
అడ్డంకి పరికరం దగ్గరే ఉంటే మీ మాట నిజమే. అయితే ఒకే పరికరంతో వెర్నియర్ ఉన్న, లేని సెన్సర్లు రెంటినీ కొలిచి పక్కపక్కన చూపండి.

వంతెనపని:
మా సైట్లలో గొడవ వేరు. బ్రాగ్ గ్రేటింగ్ ఒక మైక్రోస్ట్రెయిన్‌కి (పొడవులో పది లక్షల్లో ఒక వంతు సాగుదలకి) సుమారు 1.2 పికోమీటర్లు జరుగుతుంది. అంటే ఒక్క డిగ్రీ వేడెక్కితే ఎనిమిది మైక్రోస్ట్రెయిన్‌ల బరువు పడ్డట్టు కనిపిస్తుంది. స్టీలుకు అతికిస్తే ఆ స్టీలు వ్యాకోచం కూడా దీనికి తోడు. మధ్యాహ్నం ఎండా లారీ బరువా అన్నది విడదీయలేకపోతే ఎంత సెన్సిటివిటీ ఉండి ఏం లాభం? అందుకే పక్కనే అతికించని గ్రేటింగ్ ఒకటి పెట్టి వేడి లెక్క తీసేస్తాం. సెన్సిటివిటీ పెంచడానికి పెట్టే శ్రమలో సగం దీని మీద పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

రసాయనం:
ద్రవాలు కొలిచేవాళ్లకు అంత వెసులుబాటు లేదండి. గ్రేటింగ్‌లో కాంతి ఫైబర్ నడిమి భాగమైన కోర్‌లోనే నడుస్తుంది, చుట్టూ ఏ ద్రవం ఉన్నా దానికి పట్టదు. 125 మైక్రాన్ల ఫైబర్ క్లాడింగ్‌ను (కోర్ చుట్టూ ఉండే గాజు పొరను) హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌తో సన్నగా కరిగిస్తేనే బయటి ద్రవం ప్రభావం కనిపిస్తుంది. ఫైబర్ బలహీనపడుతుంది, ఆసిడ్ ప్రాణాంతకం. అయినా అక్కడ సెన్సిటివిటీ పెంచకపోతే సెన్సరే లేదు.

పీక్‌వేట:
అది న్యాయమే. కాంతిరేఖ గారూ, మీ రిఫరెన్స్ ఇంటర్‌ఫెరోమీటర్ ఎక్కడ పెట్టారు? గది వేడికి అది కదిలినా ఆ కదలికా పదింతలవుతుంది. ముందు దాన్ని ఉష్ణోగ్రత మారని పెట్టెలో పెట్టి ఒక రాత్రంతా రీడింగులు తీయండి. ఆ గ్రాఫ్ ఇక్కడ పెడితే మిగతాది మాట్లాడదాం.