విమానాల్లో ఇంకా ఏఎం రేడియోనే వాడుతుంటే, కొత్త కమ్యూనికేషన్ పరికరాలకు గిరాకీ ఎందుకు పెరుగుతోంది?

కావలి_ఈసీఈ:
అందరికీ నమస్కారం. నేను ఈసీఈ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది జువ్వలదిన్నె పక్క ఊరు; మా నాన్న మరపడవ మీద వేటకు వెళతారు. పడవలోని వీహెచ్‌ఎఫ్ (అతి హెచ్చు పౌనఃపున్యపు రేడియో) సెట్టులో ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే దగ్గరి పడవవాళ్ల గొంతు మాత్రమే వినిపిస్తుంది, దూరంగా ఉన్నవాళ్లు పిలిచిన సంగతే తెలియదు. అది ఆ సెట్టు వాడే ఎఫ్‌ఎం (తరంగపు పౌనఃపున్యాన్ని మార్చి మాట పంపే పద్ధతి) స్వభావమని తరగతిలో విన్నాక అర్థమైంది. విమానాలు మాత్రం 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఏఎంలోనే (తరంగపు బలాన్ని మార్చి మాట పంపే పద్ధతి) మాట్లాడుకుంటాయి. పాత పద్ధతే నడుస్తున్నప్పుడు ఆధునిక వ్యవస్థలకు ఇంత గిరాకీ దేనికి? ఈ రంగంలోకి రావడానికి దారి ఏది?

ఒంగోలు_వైర్‌లెస్:
బాబూ, సగం సమాధానం నీ ప్రశ్నలోనే ఉంది. ఎఫ్‌ఎంలో బలమైన సంకేతం బలహీనమైన దాన్ని మింగేస్తుంది. ఏఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కీచుమనే శబ్దం వస్తుంది కాబట్టి, మరొకరెవరో పిలుస్తున్నారని కనీసం తెలుస్తుంది. ఆకాశంలో అది తెలియడం ప్రాణావసరం, ఏఎంను వదులుకోకపోవడానికి అదొక ముఖ్య కారణం.

అయితే కీచుశబ్దం హెచ్చరిస్తుందే తప్ప మాటను కాపాడదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలోని విమానాశ్రయంలో, టేకాఫ్‌కు ఆగమని కేఎల్‌ఎం విమానానికి టవర్ చెప్పిన మాట, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ యామ్ విమాన సిబ్బంది చెప్పిన మాట ఒకే క్షణంలో పడ్డాయి. కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో ఆ రెండింటికీ బదులు కీచుశబ్దం వినిపించింది. పొగమంచు, అనుమతి విషయంలో అపార్థం కూడా తోడై ఆ రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ సంభాషణ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యూరప్‌లో ఛానళ్ల మధ్య దూరాన్ని 25 నుంచి 8.33 కిలోహెర్ట్జ్‌కు తగ్గించి ఛానళ్ల సంఖ్య పెంచుకున్నారు. అయినా ఒక ఛానల్లో ఒకసారి మాట్లాడగలిగేది ఒక్కరే. అందుకే మాటతో పాటు రాతపూర్వక సందేశం కావలసి వచ్చింది.

కందుకూరు_ఏవియానిక్స్:
పెద్దాయన చెప్పినదానికి మన తీరం నుంచే ఒక ఉదాహరణ చేర్చుతాను. వీహెచ్‌ఎఫ్ దృష్టిరేఖ వెంట మాత్రమే పోతుంది. 35,000 అడుగుల ఎత్తున ఎగిరే విమానానికి ఒక భూకేంద్రంతో సుమారు 400 కిలోమీటర్లు అందుతుంది. నెల్లూరు మీదుగా వెళ్లే విమానం చెన్నైతో హాయిగా మాట్లాడగలదు కానీ, బంగాళాఖాతం నడిమధ్యకు చేరితే వీహెచ్‌ఎఫ్ అందని చోట్లు వస్తాయి. అక్కడ ఒకప్పుడు హెచ్‌ఎఫ్ (చాలా దూరం పోయే షార్ట్‌వేవ్ రేడియో) ఒక్కటే దిక్కు. నేను మొదటిసారి హెడ్‌సెట్ పెట్టుకుని హెచ్‌ఎఫ్ సెట్టు పరీక్షించినప్పుడు వినిపించింది వానహోరు లాంటి రొద. ఆ రొదలోనే ఒక మనిషి తన ఎత్తు అంకెలను మూడుసార్లు చెప్పాడు. ఇప్పుడు అదే సమాచారం సీపీడీఎల్‌సీ (కంట్రోలర్, పైలట్ రాతలో సందేశాలు పంపుకునే వ్యవస్థ) ద్వారా అక్షరాల్లో తెర మీదికి వస్తుంది, పైలట్ అంగీకారం తెలిపే బటన్ నొక్కితే చాలు. విమానం ఎక్కడుందో ఏడీఎస్-సీ అనే స్థాన నివేదిక వ్యవస్థ ఉపగ్రహం ద్వారా తనంతట తానే చెబుతుంది. 2014లో మలేసియా విమానం ఎంహెచ్370 మాయమైన తరువాత, సముద్రాల మీద విమానం స్థానం కనీసం 15 నిమిషాలకోసారి తెలియాలనే అంతర్జాతీయ ప్రమాణం 2018 నవంబరు నుంచి వర్తించింది.

గిరాకీకి మూలం ఇదే. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డరు ఇచ్చాయి. వాటితో పాటు పాత విమానాలకు కూడా కొత్త యాంటెన్నాలు, వైరింగ్ అమర్చాలి. ప్రయాణికుల వైఫై గురించే అందరూ మాట్లాడుతున్నారు కానీ, నా దృష్టిలో అసలు అవసరం కాక్‌పిట్‌లోనే ఉంది.

ఇక దారి విషయం. నేల మీది పరికరాల పని కావాలంటే గేట్ మార్కులతో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో జూనియర్ ఎగ్జిక్యూటివ్ (ఎలక్ట్రానిక్స్) నియామకాలు జరుగుతుంటాయి, విమానంలోని పరికరాల పనికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే బీ2 లైసెన్సు (విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాల నిర్వహణకు ఇచ్చేది) కావాలి.

కావలి_ఈసీఈ:
ఇద్దరికీ ధన్యవాదాలు. సందేశాలు ఇంత నమ్మకమైనవైతే దిగే సమయంలో కూడా మాట మానేయవచ్చు కదా?

ఒంగోలు_వైర్‌లెస్:
మానలేరు బాబూ. సందేశం చేరి, చదివి, జవాబు వచ్చేసరికి ఎంతో కొంత ఆలస్యం అవుతుంది. ఎదురుగా మరో విమానం రన్‌వే మీదికి వచ్చినప్పుడు, వెంటనే పైకి లేవమని కంట్రోలర్ నోటితో చెప్పాల్సిందే.