అలివి వలల వాళ్ళ గురించి ఆఫీసర్లకు చెప్పాలా, వద్దా?

రేవుకాపరి:
అందరికీ నమస్తే. శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో చేపలు పట్టడం మాది తాతల నాటి వృత్తి. మత్స్యకారుల సంఘంలో మెంబర్‌ని, లైసెన్సు ఉంది. సర్కారు చేపపిల్లలు వదిలి నెల కూడా కాలేదు. మొన్న తెల్లవారుజామున వలలు తీద్దామని పుట్టి వేసుకుని పోతుంటే, అవతలి మలుపులో గట్టు మీద టార్పాలిన్లు కనపడ్డాయి. దగ్గరికి పోయి చూశాను. మనుషులు లేరు. టార్పాలిన్ నిండా ఎండుచేప. గుప్పెడు తీసి అరచేతిలో పరిస్తే సగం బొచ్చె పిల్లలే. వేలెడంత లేవు. అయినా ఆ పెద్ద తల, పైకి తిరిగిన నోరు చూస్తే మనకు తెలియదా? వదిలేస్తే ఏడాదికి కిలో తూగేవి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. అలివి వల అంటే దోమతెర లాంటి సన్న కన్ను వల, వందల మీటర్ల పొడవు ఉంటుంది. బోటుతో చుట్టూ తిప్పి, గట్టు మీద నుంచి పదిపదిహేను మంది లాగుతారు. అందులో పడింది ఏదీ బయటికి రాదు. అది వాడకూడదని లాగేవాళ్ళకీ తెలుసు.

ఫొటోలు తీసి పెట్టాను. ఫిషరీస్ ఆఫీసులో ఇద్దామంటే మా బావమరిది "నీళ్ళలో ఉంటూ మొసలితో పగెందుకు బావా" అంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

బొచ్చెతల:
చెప్పాలి. ఇందులో అడగడానికేముంది?

గాలంగురూ:
ఆలోచించడమే తప్పు సార్. నేను ఆదివారాలు గాలం వేసుకోవడానికి వచ్చే మనిషిని, నాకే కడుపు మండుతోంది. చేపలకు 1897 నుంచే చట్టం ఉంది. పైగా అక్కడ ఒక గట్టు అమ్రాబాద్ టైగర్ రిజర్వు, ఇంకో గట్టు నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు. ఆ హద్దులోకి పోయి వల లాగితే ఫారెస్టు వాళ్ళు కూడా కేసు పెట్టొచ్చు. 1972 వన్యప్రాణి చట్టంలో సమాచారం ఇచ్చినవాళ్ళకు బహుమతి ఇచ్చే వీలు కూడా ఉంది. ఫొటో, లొకేషన్ పంపండి. పది నిమిషాల పని.

పుట్టి_తెడ్డు:
పది నిమిషాల పనట! గాలం సర్దుకుని సాయంత్రం బస్సెక్కేవాళ్ళకు పది నిమిషాలే. మాకు పదేళ్ళు.

నా సంగతి వినండి. మూడేళ్ళ కిందట నేనూ ఇట్లాగే చెప్పాను. కాగితం మీద రాసి, సంతకం పెట్టి, చేతికిచ్చి వచ్చాను. ఏ ఆఫీసో చెప్పను. మర్నాడు పొద్దు గూకకముందే ఫోన్. "ఏమన్నా, మా మీద కాగితం రాశావంట?" నేను రాసిన మాటలు నాకే చదివి వినిపించాడు. వారం తిరక్కుండా నా వలలు పదకొండు, నీళ్ళలో ఉన్నవి ఉన్నట్టే కోసేశారు. తాళ్ళు తేలుతున్నాయి, వల లేదు. ఒక్కో వల మా ఆవిడ రాత్రులు కూచుని అల్లింది, పూసలు కట్టింది. ఆ పదకొండు వలల అప్పు ఇంకా తీరలేదు. చెప్పాలి చెప్పాలి అనేవాళ్ళు ముందు అది తీర్చండి.

గాలంగురూ:
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ పేరు లేకుండా చెప్పొచ్చు కదా?

పుట్టి_తెడ్డు:
ఆ రేవులో పొద్దున నాలుగింటికి పుట్టి వేసేది నలుగురం. పేరు లేకుండా చెప్తే ఎవరో కనిపెట్టడానికి పోలీసు కుక్క కావాలా?

సర్కారుగుమస్తా:
ఈ శాఖలోనే ఎక్కువ కాలం పనిచేసి రిటైరయ్యాను కాబట్టి రెండు మాటలు.

ఫొటో చూపిస్తే కేసు అయిపోదు. టార్పాలిన్ మీద ఎండుచేప ఉందంటే అది ఎవరిది? గట్టు మీద వల దొరికితే ఎవరి వల? మేం పోయేసరికి మనిషి ఉండడు. పంచనామా రాసి, వల కాల్చేసి వస్తాం. పేపర్లో ఫొటో పడుతుంది. పది రోజుల్లో కొత్త వల దిగుతుంది. వల కాల్చినప్పుడల్లా ఏదో సాధించామనిపించేది, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఇక 1897 చట్టం. అసలు పుస్తకంలో సూటిగా నేరం అన్నది డైనమైట్ పేల్చడం, నీళ్ళలో విషం కలపడం. దానికి రెండు నెలల జైలు, లేదా 200 రూపాయల జరిమానా. వల రకం, కన్ను సైజు, ఏ కాలంలో పట్టకూడదు అనేవి ప్రభుత్వాలు రూల్స్ రాసుకోవాలని వదిలేశారు. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి హద్దు. నది నడిమధ్య రాష్ట్రాల సరిహద్దు. ఎడమ గట్టు మీద జీపు లైటు కనపడితే వల కుడి గట్టుకు పోతుంది. మేం గట్టు మీద నిలబడి చూడటమే.

కుడిగట్టు:
వచ్చేశారు. దొంగలంటే మా గట్టే గుర్తొస్తుంది మీకు. మీ గట్టు మీద గుడిసె వేసుకోవడానికి చోటు ఇచ్చేదెవరు? సరుకు కొనేదెవరు? ఐస్ డబ్బాలు తెచ్చేదెవరు? ఊళ్ళో మనిషి సాయం లేకుండా పరాయి మనిషి నెలలకొద్దీ ఉండగలడా?

సర్కారుగుమస్తా:
నేను దొంగలు మీ గట్టు వాళ్ళని అనలేదండీ. వల అటు పోతుంది అన్నాను.

కుడిగట్టు:
అదే అన్నారు, వేరే మాటల్లో.

ఎర్రమోసు_1:
మళ్ళీ గట్ల గొడవ మొదలైంది. పాప్‌కార్న్ తెచ్చుకుంటాను.

పుట్టి_తెడ్డు:
ఇంకో ముక్క. ఎండుచేపలో సగం బొచ్చె అన్నాడు. మిగతా సగం? పరిగె అయ్యుంటుంది. పరిగె నూరేళ్ళు బతికినా వేలెడే ఉంటుంది. దాన్ని సన్న కన్ను వలతో కాక మీ పెద్ద కన్ను వలతో పడతారా? చిన్న వల కనపడగానే దొంగ అంటే ఎట్లా?

రేవుకాపరి:
అన్నా, నేను పరిగె మాట ఎత్తలేదు. పరిగె పట్టేవాడు చిన్న వల వేసుకుని ఒక్కడే పోతాడు. పదిహేను మంది లాగరు.

పుట్టి_తెడ్డు:
ఎంతమంది లాగితే నేరం అవుతుంది? ఐదా? ఎనిమిదా? చట్టంలో లెక్క ఉందా?

రేవుకాపరి:
లెక్క గురించి కాదన్నా.

పుట్టి_తెడ్డు:
మరి దేని గురించి? సన్న వల తప్పంటావు, నేను పరిగె అంటే జనం లెక్క తీస్తావు.

గాలంగురూ:
ఒక్క మాట. బొచ్చె, రవ్వ, మ్రిగాల ఇవేవీ నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు. వానాకాలంలో వరద నీరు పారుతుంటే ఎదురెక్కి పోయి పెడతాయి. అందుకే హేచరీల్లో పుట్టించి వదలాల్సి వస్తోంది. తెలంగాణలో 2016 నుంచి ఉచితంగా వదులుతున్నారు. కొన్ని చోట్ల 35-40 మిల్లీమీటర్లవి, పెద్ద రిజర్వాయర్లలో 80-100 మిల్లీమీటర్లవి. అంటే వదిలినరోజే అలివి వలకు సరిపోయే సైజు. జనం డబ్బుతో కొన్న పిల్లల్ని నెల రోజుల్లో ఎండబెట్టి అమ్ముతుంటే, మీరు పరిగె దగ్గరే ఆగిపోయారు.

పుట్టి_తెడ్డు:
తమ్ముడూ, చేపకు సంసారం నాకు నేర్పకు. డ్యామ్‌లో నీళ్ళు 885 అడుగులకు పోతే చేప ఎక్కడ ఉంటుందో, సంగమేశ్వరం గుడి బయటపడేంతగా దిగితే ఎక్కడికి దిగుతుందో నాకు తెలుసు.

రేవుకాపరి:
తెలిసి కూడా వాళ్ళనే వెనకేసుకొస్తున్నావంటే ఏదో ఉంది. సూటిగా అడుగుతున్నాను. ఆ వల దగ్గర మీవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఎర్రమోసు_1:
అయ్యో.

పుట్టి_తెడ్డు:
ఉన్నారు. మా చెల్లెలి కొడుకు ఉన్నాడు. చాలా?

పోయినేడు పెళ్ళికి 40 వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. అది తీరేదాకా వల లాగాలి. రాత్రి పది నుంచి తెల్లవారేదాకా నడుములోతు నీళ్ళలో. ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు చూశాను, కాలివేళ్ళ మధ్య తోలు తెల్లగా పాసిపోయి ఊడిపోతోంది. పండక్కి వచ్చి రెండు రోజులు ఎక్కువ ఉంటే బైకు మీద వచ్చి ఎక్కించుకుపోయారు. ఎంత తీరిందిరా అంటే వాడికే తెలియదు. తిండి ఖర్చు, మందు ఖర్చు కలిపి ఇంకా పెరిగిందంటున్నారు.

నువ్వు కాగితం ఇస్తే జీపు వస్తుంది. దొరికేది వాడు. వల సొంతదారు టౌన్లో ఫ్యాన్ కింద ఉంటాడు. కాలిన వల డబ్బు కూడా వీడి అప్పులోనే రాస్తారు. ఇప్పుడు చెప్పు, నేను పరిగె గురించి ఎందుకు మాట్లాడుతున్నానో.

బొచ్చెతల:
ఈ మాట మొదటే చెప్పుంటే బాగుండేది అన్నా.

పుట్టి_తెడ్డు:
ఎవరు ముందే చెప్పుకుంటారు?

గాలంగురూ:
సారీ అండీ. అప్పు కట్టేదాకా కదలనివ్వకపోవడమంటే అది వెట్టి. చేపల చట్టం కన్నా పెద్ద నేరం. 1976లోనే వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం కింద అలాంటి అప్పు చెల్లదు, కట్టక్కర్లేదు. ఫిషరీస్ ఆఫీసు కాదు, కలెక్టర్ దగ్గరికి పోవాలి.

రేవుకాపరి:
అన్నా, నాకు తెలియదు. ఏమీ అనుకోకు. కానీ నా బాధ కూడా చూడు. రాత్రంతా వలలేస్తే పొద్దున్నే రెండు కిలోలు. డీజిల్‌కు కూడా చాలదు. మా సంఘంలో వంద ఇళ్ళు ఉన్నాయి.

కుడిగట్టు:
సంఘం మాట ఎత్తారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. పోయినేడు ఇదే మలుపులో ఇదే వల ఉంది. అప్పుడు మీ సంఘం ఏం చేసింది? నేను ఎదురుగానే ఉన్నాను, చూశాను. ఒక్కరూ నోరెత్తలేదు. ఈ ఏడే ఎందుకు గుర్తొచ్చింది?

రేవుకాపరి:
అప్పుడు నేను కమిటీలో లేను.

కుడిగట్టు:
కమిటీలో ఉన్నవాళ్ళకు రేవు మామూలు అందింది. ఈసారి వల షావుకారు మారాడు, ఇవ్వనన్నాడు. అవునా, కాదా?

ఎర్రమోసు_1:
రెండు నిమిషాలైంది, రిప్లై రాలేదు.

బొచ్చెతల:
ఇది నిజమా? నేను అదే సంఘం. మాకెవరికీ తెలియదు.

రేవుకాపరి:
భోజనానికి లేచాను, పారిపోలేదు.

నిజమే. పోయినేడు డబ్బు వచ్చింది. గుడి ప్రహరీకి అని చెప్పారు. సగం గోడ లేచింది, మిగతాది ఏమైందో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఈ ఏడు కమిటీలోకి వచ్చాక "కాగితం ఇద్దాం, అప్పుడు దారికొస్తాడు" అన్నారు పెద్దలు. వాళ్ళకు కావలసింది అతను దారికి రావడం. నాకు కావలసింది వల పోవడం. రెండిటికీ అదే కాగితం, అదే నా సంతకం. అందుకే నిద్రపట్టక ఇక్కడ అడిగాను. బావమరిది మొసలి మాట నిజమే కానీ, అది ఊరంతా తెలిసిన సంగతి, దానికి మిమ్మల్ని అడగక్కర్లేదు.

పుట్టి_తెడ్డు:
ఇదీ అసలు సంగతి. మూడేళ్ళ కిందట నా కాగితం వాళ్ళకు ఎవరు అందించారో ఇప్పుడు అర్థమవుతోంది.

రేవుకాపరి:
ఆ రోజు నేను లేనన్నా. ఒట్టు.

పుట్టి_తెడ్డు:
నువ్వు కాదులే. నీకన్నా పెద్దవాళ్ళు.

సర్కారుగుమస్తా:
ఇప్పుడు దారిలో పడింది కాబట్టి చెప్తాను. వల మీద ఫిర్యాదు ఇస్తే వల కాలుతుంది. సరుకు మీద ఇస్తే మనిషి దొరుకుతాడు. అంత ఎండుచేప పుట్టిలో పోదు. వ్యాను కావాలి, దానికి నంబరు ఉంటుంది, నంబరుకు ఓనరు ఉంటాడు. మా కాలంలో ఒకే ఒక్కసారి షావుకారు దాకా పోగలిగాం, అది రోడ్డు మీద బండి ఆపినప్పుడే. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ ఎక్కిస్తారో చెప్పండి. కాగితం ఒక్క ఆఫీసుకే ఇవ్వకండి. ఫిషరీస్, ఫారెస్టు, కలెక్టరేట్, మూడింటికీ ఒకే రోజు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒకచోట నుంచి బయటికి పొక్కినా మిగతా రెండు ఉంటాయి. పిల్లవాడి అడ్వాన్సు సంగతి కలెక్టరేట్ కాగితంలోనే మొదటి పేరాలో రాయండి. అప్పుడు జీపు వచ్చినా అతన్ని ముద్దాయిగా కాదు, బాధితుడిగా రాసుకునే వీలుంటుంది.

కుడిగట్టు:
మా వైపు కూడా ఒక కాపీ ఇవ్వాలి. మా జిల్లాలో నేను ఇస్తాను. రెండు గట్లకూ ఒకే రోజు పోతే వల ఎటు పోతుందో చూద్దాం.

సర్కారుగుమస్తా:
మంచి మాట. నా సర్వీసులో ఇది ఎవరికీ తట్టలేదు.

కుడిగట్టు:
మీ గట్టు వాళ్ళకు తట్టదులెండి.

పుట్టి_తెడ్డు:
బండి శుక్రవారం వస్తుంది, కోడి కూయకముందు. నంబరు నా దగ్గర ఉంది, పిల్లవాడే చెప్పాడు. కానీ నేను సంతకం పెట్టను. ఒకసారి పెట్టాను, చాలు.

రేవుకాపరి:
నంబరు మెసేజ్‌లో పెట్టన్నా, ఇక్కడ వద్దు. సంతకం నేను పెడతాను. కమిటీ తరఫున కాదు, నా పేరు మీద.

పుట్టి_తెడ్డు:
పెడతాను. గురువారం రాత్రి మాత్రం వలలేయకు. నీవి ఎన్ని ఉన్నాయి?

రేవుకాపరి:
తొమ్మిది.

పుట్టి_తెడ్డు:
తొమ్మిదీ ఇంటికి తెచ్చుకో.