నాయకుల అనారోగ్యం గురించి తెలుసుకునే హక్కు మనకుందా?

చర్చా పోటీకి విద్యార్థులను సిద్ధం చేస్తున్నాను. ఆస్తుల విషయంలో నాకు స్పష్టత ఉంది. 2002 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఎన్నికల అభ్యర్థులు ఆస్తులపై అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇస్తున్నారు, దాని నమూనా అయిన ఫారం 26లో జీవిత భాగస్వామి ఆస్తులూ చూపాలి (బినామీల దేశంలో ఆ మాత్రం ఉండాల్సిందే). 2024లో అరుణాచల్ ఎమ్మెల్యే కరిఖో క్రి ఎన్నిక కేసులో అదే కోర్టు, ప్రతి చరాస్తినీ చెప్పనక్కర్లేదని, అభ్యర్థిత్వానికి సంబంధం లేని విషయాల్లో అభ్యర్థికీ గోప్యత ఉంటుందని చెప్పింది.

మరి జబ్బు సంగతి? ఫారంలో ఆ ప్రశ్నే లేదు. 2016లో ముఖ్యమంత్రి జయలలిత రెండు నెలలకు పైగా ఆసుపత్రిలో ఉంటే, జనం బులెటిన్ల మీదే ఆధారపడ్డారు. కుటుంబ కలహాలు నాకక్కర్లేదు. సంతకం పెట్టే స్థితిలో ఉన్నారా లేదా అన్నది మాత్రం కావాలి. పదవిలో ఉన్నవారి ఆరోగ్య వివరాలపై మన దేశంలో చట్టం గానీ, హైకోర్టు తీర్పు గానీ ఉందా? తెలిసిన న్యాయవాదులు కేసు పేరు, సంవత్సరం చెప్పగలరా?