అప్‌డేట్: మా మాండరిన్ చేప తింటోంది

మొన్న అడిగాను కదా, మా నల్గొండ ఇంట్లో రీఫ్ ట్యాంకులో (పగడాలు, రాళ్లు ఉండే ఉప్పునీటి అక్వేరియం) మాండరిన్ పొట్ట పీక్కుపోతోంది, పెల్లెట్లు (గుళికల తిండి) ముట్టట్లేదు, ఏం చేయాలని. మీరన్నట్టే కోపెపాడ్లు (పాడ్లు, అంటే మాండరిన్ తినే బుల్లి నీటి జీవులు) తెప్పించా. లైట్లు ఆర్పి, పంపు ఆపి సగం రాళ్ల సందుల్లో వదిలా, సగం సంప్‌లో (ట్యాంకుకి కలిపిన వేరే నీటి తొట్టి) కీటో అనే నాచులో వేశా, అక్కడ తినే చేపల్లేవు కాబట్టి హాయిగా పెరుగుతాయి. వాటికీ తిండి కావాలిగా, ఫైటోప్లాంక్టన్ (కంటికి కనపడనంత చిన్న నాచు) పోస్తున్నా. పాడ్లన్నీ ఊడ్చేసే సిక్స్‌లైన్ రాస్ చేపను ఫ్రెండుకిచ్చేశా, పీడా పోయింది.

ఇప్పుడు రాత్రి టార్చి వేస్తే అద్దం మీద తెల్లచుక్కల్లా పాడ్లు పాకుతున్నాయి. మాండరిన్ రాయి రాయికీ ఆగి, కళ్లు తిప్పి, టక్కున పొడుస్తోంది. పొట్ట కాస్త నిండింది. గుడ్లలోంచి అప్పుడే బయటికొచ్చిన బ్రైన్ ష్రింప్ (బుల్లి ఉప్పునీటి రొయ్యలు) తింటోంది. ఫ్రోజెన్ (గడ్డకట్టించిన) తిండి మాత్రం వాసన కూడా చూడట్లేదు, ఎవరైనా అలవాటు చేశారా?