అవార్డుకి నామినేట్ చేయమని గైడ్‌ని మనమే అడగొచ్చా?

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నానండీ. మా డిపార్ట్‌మెంట్‌లో ట్రావెల్ గ్రాంట్‌కి మనమే అప్లై చేసుకోవచ్చు. ఉత్తమ పరిశోధన అవార్డుకి మాత్రం ప్రొఫెసరే నామినేట్ చేయాలి. సీవీ, ఒక పేజీ పరిశోధన సారాంశం, రెండు సిఫారసు లేఖలు జత చేయాలి. మా గైడ్ చాలా మంచివారే కానీ, ఇలాంటివి ఆయనకి గుర్తుండవు. నోరు తెరిచి అడిగితే ఏమనుకుంటారోనని టెన్షన్‌గా ఉంది. లేఖకి పనికొచ్చే వివరాలు నేనే ముందుగా రాసి ఇస్తే ఆయనకి సులువవుతుందా, అతి అనిపిస్తుందా?

ఇంకో సందేహం. నాకు ఇప్పటికే అసిస్టెంట్‌షిప్ (బోధన, పరిశోధన పనుల్లో సాయం చేసినందుకు ఇచ్చే స్టైపెండ్) వస్తోంది. బయటి స్కాలర్‌షిప్ వస్తే ఆ మేరకు స్టైపెండ్ తగ్గించే చోట్లు ఉన్నాయట. అప్లై చేసేముందే ఈ సంగతి ఎవరిని అడగాలి, డిపార్ట్‌మెంట్ ఆఫీసునా, డబ్బిచ్చే సంస్థనా? ఎంపిక కమిటీల్లో కూర్చున్నవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.