బెంగళూరు చుట్టుపక్కల పండిన ఆకుకూరలు: తాజాదనం చూడాలా, నీళ్లు చూడాలా?

సోయికూర_సంత:
అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఈమధ్య ఒకటే మాట. 50 కిలోమీటర్ల లోపు పండిన కూరలే కొందాం, ఒంటికి బలం అని. ఇదంతా ఫ్యాషన్ అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఆకుకూరల వరకు ఆ మాట నిజమే అంటాను. పాలకూరను 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టినా ఎనిమిది రోజులకు ఫోలేట్ అనే బి విటమిన్ దాదాపు సగం పోతుంది. 20 డిగ్రీల్లో నాలుగు రోజులకే ఆ గతి. విటమిన్ సి ఇంకా తొందరగా జారుకుంటుంది. హోస్కోటెలో సాయంత్రం కోసి తెల్లారేసరికి కె.ఆర్. మార్కెట్‌లో దించిన కట్టకీ, రెండు రోజులు లారీలో వచ్చి సూపర్‌మార్కెట్ అరలో ఇంకో రెండు రోజులు నీళ్లు చల్లించుకున్న కట్టకీ తేడా లేదంటే ఎలా?

కాలువగట్టు:
తేడా ఉందండీ. కానీ 50 కిలోమీటర్ల గీత గీస్తే బైరమంగళ చెరువు కూడా అందులోనే పడుతుంది. నగరం మురుగునీ, పీణ్య ఫ్యాక్టరీల నీళ్లనీ మోసుకుని వృషభావతి నది చేరేది ఆ చెరువుకే. దాని కింద సాగు ఉంది. మురుగులో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి కాబట్టి అలాంటి నీళ్లు తాగిన తోటకూర ఆకు వెడల్పుగా, ముదురు పచ్చగా నవనవలాడుతుంది. బుట్టలో చెయ్యి ముందు దానిమీదకే పోతుంది.

అసలు ఇబ్బంది కాడ్మియం అనే విష లోహంతో. అది వేరు నుంచి ఆకులోకి ఎక్కుతుంది. ఉప్పునీళ్లలో నానబెట్టినా, ఉడికించినా పోదు. సీసం చాలావరకు ఆకు మీది దుమ్ములో, మట్టిలో ఉంటుంది కనుక బాగా కడిగితే కొంత దిగుతుంది. ఆకుకూరలకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు కిలోకు కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు, సీసం 0.3. ఈ సంగతి కంటికి, ముక్కుకు తెలియదు. ల్యాబులో తేలాల్సిందే.

సోయికూర_సంత:
బోరు నీళ్లతో పండించే మాలూరు, చిక్కబళ్ళాపుర రైతులను కూడా అదే గాటన కట్టేస్తారా?

కాలువగట్టు:
కట్టను. నీళ్లు ఎక్కడివని అడిగి కొనమంటున్నాను, అంతే. కోలారు వైపు ఇంకో చిక్కు ఉంది. కె.సి. వ్యాలీ పథకం కింద 2018 నుంచి బెంగళూరు మురుగును రెండో దశ వరకు శుద్ధి చేసి అక్కడి చెరువులకు ఎక్కిస్తున్నారు. భూగర్భజలం పెంచడం దాని ఉద్దేశం. మూడో దశ శుద్ధి కూడా చెయ్యాలని అక్కడివాళ్లు కోర్టుల దాకా వెళ్లారు. చెరువు నుంచి నేరుగా మోటారు పెట్టి తోడిన నీళ్లు వేరు, నేలలో ఇంకి బోరులోకి వచ్చిన నీళ్లు వేరు. రెండూ ఒకటే అని భయపడటం కూడా తప్పే.

ఇంకొకటి. లోహాలు ఎక్కువగా పట్టేవి ఆకులూ, దుంపలూ. బెండ, బీర, చిక్కుడు, టమాటాల్లోకి తక్కువగా చేరతాయి. అందుకే తెలియని చోటిదైతే కాయ కొనండి, తెలిసిన చోటిదైతే ఆకు కొనండి.

మందు_డబ్బా:
ఇద్దరూ వదిలేసిన సంగతి: తాజాదనమే ఎదురుతిరిగే సందర్భం ఒకటుంది. ప్రతి పురుగుమందుకూ కొట్టిన తర్వాత కోతకు ఆగాల్సిన రోజులు ఉంటాయి, డబ్బా చీటీ మీద రాసే ఉంటుంది. మార్కెట్లో రేటు పెరిగిందని సాయంత్రం మందు కొట్టి తెల్లారి కోసేస్తే, ఆ కూర ఎంత తాజాగా ఇంటికి వస్తే అంత మందు మన పళ్లెంలో. క్యాబేజీ, కాలీఫ్లవర్‌లలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే డైమండ్‌బ్యాక్ పురుగు చాలా మందులకు లొంగడం మానేసింది, కొట్టిందే కొడతారు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క లోపలికి పాకుతాయి కాబట్టి కడుగుడుతో పని కాదు. క్యాబేజీ పై రెండు మూడు పొరలు తీసేస్తే మీద పడినవి మాత్రం చాలావరకు పోతాయి.

సోయికూర_సంత:
సరే, కడగడం ఎలాగో కూడా చెప్పండి. పసుపు, వెనిగర్, వంటసోడా అంటూ గ్రూపులో రోజుకో చిట్కా వస్తోంది.

మందు_డబ్బా:
ముందు వేళ్లు కోసేసి ఆకు విడదీయాలి. కట్టతోనే ముంచితే లోపలి మట్టి కదలదు. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి ముంచి, కూరను పైకి తీసి, ఆ నీళ్లు పారబోయాలి. కూర ఉండగానే గిన్నెను వంచితే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకుకే అంటుకుంటుంది. అడుగున మట్టి కనబడనంత వరకు ఇలా మూడు నాలుగు సార్లు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా అయితే 50 పీపీఎం క్లోరిన్ నీళ్లు కావాలి. సువాసన కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్ ద్రావణం లీటరుకు ఒక మిల్లీలీటరు కలిపి, ఐదు నిమిషాలు ఉంచి, తాగే నీళ్లతో కడగాలి. దీనికి బ్యాక్టీరియా చస్తుంది కానీ బద్దెపురుగు గుడ్లు చావవు. మురుగు తగిలిన కూరతో మెదడులో తిత్తులు వచ్చేది వాటివల్లే. నీళ్ల సంగతి తెలియనప్పుడు పచ్చిగా వద్దు, ఉడికించండి.

కడిగి ఫ్రిజ్‌లో పెట్టడం ఇంకో తప్పు. తడి ఆకు రెండో రోజుకే జిగురు పడుతుంది. రబ్బరు బ్యాండు తీసి, పసుపుపచ్చ ఆకులు ఏరి, పొడి నూలుగుడ్డలో చుట్టి పెట్టండి, వండే ముందే కడగండి.

చిత్తూరు_సంకటి:
బలం బలం అంటూ అందరూ ఆకు చుట్టే తిరుగుతున్నారు. ఈ చుట్టుపక్కల పండేవాటిలో బలానికి ముందు చెప్పుకోవాల్సింది రాగులు. వాటికి మీ తాజాదనంతో పనే లేదు. పురుగు పట్టదు, ఏళ్ల తరబడి నిలుస్తుంది, పాతరల్లో దాచుకున్న గింజ అది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, ఇనుము నాలుగున్నర పైచిలుకు. మాంసకృత్తులు మాత్రం ఏడు గ్రాములే, వాటిలో ఉండాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. సంకటి ఒక్కటే తింటే కండ పట్టదు, పక్కన పప్పో ఉలవచారో ఉండాలి. ఖనిజాలను ఒంటబట్టనివ్వని ఫైటేట్లు తగ్గాలంటే 12 గంటలు నానబెట్టి, గుడ్డలో కట్టి 24 నుంచి 36 గంటలు మొలకెత్తించి, ఆరబెట్టి, సన్న సెగ మీద వేయించి పట్టించుకోవాలి. తిన్నాక గంట దాకా టీ వద్దు, ఇనుము ఒంటబట్టదు.

సంకటి ఉండ కడుతోందని తరచూ అడుగుతారు. అరకప్పు బియ్యం మూడున్నర కప్పుల నీళ్లలో మెత్తగా ఉడికాక, ఒక కప్పు పిండి మధ్యలో కుప్పగా పోసి, తెడ్డు కాడతో గుంట చేసి, మూతపెట్టి సన్న మంట మీద ఎనిమిది నిమిషాలు వదిలేయండి. ఆ తర్వాతే కలపాలి. పోసిన వెంటనే కలిపితే పైపిండి ఉడికి లోపల పచ్చిగానే ఉండిపోతుంది.

కాలువగట్టు:
అది ఒప్పుకుంటాను. కాల్షియం కోసం పాలకూర తినేవాళ్లు కూడా గమనించండి, అందులో ఆక్సలేట్ ఎక్కువ, ఉన్న కాల్షియంలో ఒంటబట్టేది బహు కొద్ది.

సోయికూర_సంత:
మరి మిద్దెమీద పెంచుకుంటే నీళ్ల గొడవా మందు గొడవా రెండూ తీరతాయి కదా?

కాలువగట్టు:
లెక్క వేసి చూడండి. మనిషికి రోజుకు 100 గ్రాముల ఆకు, నలుగురికి నెలకు 12 కిలోలు. తోటకూర విత్తిన 25, 30 రోజులకు చదరపు మీటరుకు కిలో, మహా అయితే కిలోన్నర. అంటే ఎనిమిది నుంచి పన్నెండు చదరపు మీటర్లు కావాలి. మామూలు ఫ్లాటు బాల్కనీ మూడు నాలుగుకు మించదు. అందులో కొత్తిమీర, పుదీనా, మెంతి వేసుకోండి, పచ్చిగా తినేవి అవే కనుక. ఆర్వో వదిలేసిన నీళ్లు మాత్రం పోయకండి, ఉప్పు పేరుకుని ఆకు అంచులు మాడతాయి.

సోయికూర_సంత:
పచ్చివి బాల్కనీలో, ఉడికించేవి బోరు నీళ్ల రైతు దగ్గర, రాగులు ఎక్కడివైనా సరే. ఇంతవరకు ఒప్పుకున్నాను. కానీ సంతలో ‘నీళ్లెక్కడివి, మందెప్పుడు కొట్టారు’ అని అడిగితే నిజం చెబుతారా?

మందు_డబ్బా:
ఒక్కసారి అడిగితే చెప్పరు. వారం వారం ఒకరి దగ్గరే కొంటే చెబుతారు. చింతామణి, బాగేపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లయితే తెలుగులోనే అడగొచ్చు. ‘బోరా, చెరువా, కాలువా?’ అని మూడు మాటల్లో అడగండి. ‘మంచి నీళ్లేనా?’ అంటే ఎవరైనా అవుననే అంటారు.